కడగొట్టు మడవ

పొద్దుటూరులో స్కాను ఫిల్ము వెలుతురుకు ఎత్తిపట్టి
డాక్టరమ్మ తెల్లమచ్చలు చూపిస్తా ఉంటే
కాశింసా మామ కుర్చీ అంచున కూచోని
తన చెప్పులు చూసుకుంటా ఉండాడు.
"పెద్ద నాళాలు బాగానే ఉన్నాయి.
మూసుకుపోయినవన్నీ వెంట్రుకంత సన్నవి.
ఒక్కరోజులో జరిగింది కాదు,
ఏండ్ల తరబడి, సద్దు లేకుండా."

కేసీ కాలవ మీద లస్కర్‌ని నేను.
నాకు ముందు ముప్పైరెండేండ్లు ఆయన.
పెద్దకాలవ నిండుగా పారతా ఉన్నా
పిల్లకాలవలో తుంగ మొలిస్తే
కడగొట్టు మడి ఎట్ల నెర్రెలిస్తుందో
మోకాటిలోతు బురదలో నిలబెట్టి
నాకు చూపించిందే ఆయన.

రోజూ తెల్లారకముందే గేజీపలక చదివేటోడు.
నాలుగడుగుల రెండంగుళాలు, నాలుగడుగుల మూడు,
బీడీకట్ట కాగితం మీద రాసి టోపీలో దోపుకునేటోడు.
తన నెత్తురు గేజీ మాత్రం
ఒక్కసారే చదివించుకున్నాడు, రిటైరు కాగితాల కోసం.
నూటతొంభై అన్నారంట.
నెల దినాలు మాత్రలు మింగి, బాగుందని మానేసినాడు.
పీరమ్మత్త ఇప్పటికీ ఆ మాట చెప్పి
మాత్రల డబ్బీ మూత టపామని మూస్తాది,
ఎవరి మీద కోపమో.

ఊర్లో మతిమరుపు అంటారు.
నన్ను మరిచిపోలేదే. నా పెండ్లికి చదివించిన
నూటపదహార్లు కూడా మరిచిపోలేదు.
చొక్కా ముందా లుంగీ ముందా అని
మంచం మీద అరగంట కూచుంటాడు.
గడప కాడ కాళ్లు నేలకు అతుక్కుపోతాయి,
జారే గట్టు మీద నడిచేటోని మాదిరి
చిన్న చిన్న అడుగులు.
నవ్వేది తగ్గింది. తిట్టేది కూడా తగ్గింది.
గాడిదకొడకా అని నన్ను పిలవక
రెండేండ్లాయె.

గడియారం బొమ్మ గీయమనింది డాక్టరమ్మ.
గుండ్రంగానే గీసినాడు.
పన్నెండు అంకెలూ కుడిపక్కనే కుప్పపోసినాడు.
"ఈ పక్క ఎందుకు వదిలేసినావు తాతా?"
బయట ఎవరి టోకెనో పిలిచినారు.
తలుపు తెరుచుకుంది, మూసుకుంది.
"ఆ పక్కకు ఇంకా నీళ్లెక్కలేదు తల్లీ."
ఆమె నవ్వలేదు.
నేను గోడమీద క్యాలెండరు చూసినా,
ఏ నెలో గూడా కనపడలా.

ఉండే పూడిక తీసేదానికి కుదరదంట.
ఇంకా పడకుండా చూసుకునేదే:
ఉప్పు తగ్గించు, మాత్ర మానొద్దు,
నడిపించు, మాట్లాడించు.
కాలవైతే ఎండాకాలం నీళ్లు కట్టేసి
పారలేసుకోని దిగుతాం.
మనిషికి నీళ్లు కట్టేసే నెల లేదు గదా.

పోయిన సోమారం మూడో తూము షట్టరు బిగుసుకుపోయింది.
ఇద్దరం వేలాడినా కదల్లా.
మామను బండెక్కించుకోని పోయి ముందర నిలబెట్టినా.
"ఇది ఎట్ల లేపేటోనివి మామా?"
చూసినాడు. చూస్తానే ఉండాడు.
ఒక కొంగ లేచిపోయింది, ఇంకోటి వచ్చి వాలింది.
నేను రెండోసారి అడగలా.
ఇంటికాడ దించి వచ్చేసినా.

బేస్తారం, ఓబులేసు మంగలంగట్లో,
సగం గడ్డం ఇంకా నురగలోనే ఉండగా,
ఎవురూ ఏమీ అడక్కుండానే
అద్దంలో నాకల్లా చూసి:
"ముందు కిందికి ఒక చుట్టు దించల్ల.
దించినాకనే ఎత్తల్ల, గాడిదకొడకా."

ఓబులేసు కత్తి గాల్లోనే ఆపినాడు.

మూడు దినాలు యా దారెంట వచ్చిందో ఆ మాట,
ఎన్ని పూడికలు చుట్టుకోని,
యా గట్టు తెంపుకోని.
తూముకాడికి ఉరకాలని కాళ్లు పీకుతా ఉండాయి.
అయినా కదల్లా,
మిగిలిన సగం గడ్డం అయ్యేదాకా
బల్ల మీద అట్లే కూచున్నా,
ఇంకేమన్నా వస్తుందేమోనని.